పుస్తకాల పట్టిక మన చేతిలో ఉండాలి

ఆహ్వాన పత్రంలో నా పేరు కింద ‘గ్రంథాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: ఖర్చు, భద్రత, శిక్షణ’ అని వేశారు. మూడింటి గురించీ చెబుతాను.

బెజవాడలో గ్రంథాలయాల గురించి నోరు విప్పేవాడు ముందు అయ్యంకి వెంకటరమణయ్య గారిని తలుచుకోవాలి. 1914 ఏప్రిల్‌లో ఆయన పూనికతో ఈ ఊళ్లోనే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లంతా తొలిసారి ఒకచోట చేరారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. అప్పటికి జీవోలు లేవు, గ్రాంట్లు లేవు, జీతాలు లేవు. ఊళ్లో నలుగురు చదువుకున్నవాళ్లు పూనుకుంటే గ్రంథాలయం లేచేది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం అలాగే పుట్టింది. పాతూరి నాగభూషణం గారు కాలవ మీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరా పంపారు. రేవులో పడవ ఆగితే పుస్తకం తీసుకోవడానికి జనం గట్టు మీదికి వచ్చేవారట. వాళ్లెవరూ ఇది నాది, ముట్టుకోకండి అనలేదు. ఒక ఊరు చేసినదాన్ని చూసి పక్క ఊరు చేసింది, తనకు కావలసిన మార్పు చేసుకుంది. ఇవాళ నేను చెప్పబోయే సాఫ్ట్‌వేర్ కూడా ఆ దారినే నడిచింది. అందుకే అది మన ఇంటి సంగతిలా అనిపిస్తుంది నాకు.

చరిత్ర క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని ప్రకటించారు. ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, అయితే ఇచ్చేటప్పుడు ఇవే హక్కులు వాళ్లకూ ఇవ్వాలి అన్న నియమాన్ని 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సుగా రాశారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ తెచ్చారు. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ లినక్సే.

ఇందాక జ్యోతి వెలిగించాక తెర మీద గ్రంథాలయోద్యమ చిత్రం చూపించారు కదా. అది మొదలయ్యే ముందు నారింజ రంగు శంకువు బొమ్మ ఒకటి మెరిసింది. రోడ్డు పనులు జరిగే చోట పెడతారే, అలాంటిది. అది వి.ఎల్.సి. పారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని, 2001లో జి.పి.ఎల్. కింద అందరికీ ఇచ్చేశారు. పెళ్లి వీడియో చూడ్డానికి ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే వాడతారు, ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదు, ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు. కానీ అదే తెర మీద కుడివైపు మూలన, చిత్రం నడిచినంతసేపూ, లైసెన్సు యాక్టివేట్ చేయమని రెండు వరుసలు కనిపిస్తూనే ఉన్నాయి. నిర్వాహకులను నొప్పించడం నా ఉద్దేశం కాదు. ఏ జిల్లాకు వెళ్లినా ఇదే చూస్తున్నాను, బాధపడుతున్నాను. పుస్తకాన్ని జిరాక్సు తీసి అమ్మకూడదని పాఠకులకు బోర్డు పెట్టేది మనమే. రచయిత హక్కు అంటే ఏమిటో ఊరికి చెప్పవలసింది మనమే. మన బల్ల మీది కంప్యూటరులోనే దొంగ కాపీ నడుస్తుంటే ఎలా? కొంటే కొనండి, రసీదు దాచుకోండి. కొనే స్తోమత లేకపోతే పైసా ఖర్చు లేని ఉబుంటు ఉంది, లిబ్రాఫీస్ ఉంది. ఉత్తరాలు రాసుకోవడానికి, నెలవారీ నివేదిక తయారుచేయడానికి ఇంతకు మించి ఏం కావాలి? కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి ఇలాంటి వాటి మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మన పిల్లలు వాళ్లకేం తీసిపోయారు?

సరే, అసలు విషయానికి వస్తాను. నేను పనిచేసిన కళాశాల గ్రంథాలయాన్ని తొంభైల చివర్లో కంప్యూటరీకరించారు. ఒక ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేర్ అమ్మింది. దాంతో పాటు డాంగిల్ అని చిన్న ముక్క ఒకటి ఇచ్చారు. కంప్యూటరు వెనక ప్రింటరు తీగ పెట్టే చోట దాన్ని బిగిస్తేనే ప్రోగ్రాము తెరుచుకునేది. అప్పట్లో తెరంతా ఇంగ్లీషే. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ముగ్గురు ఆపరేటర్లు మూడు రకాలుగా కొట్టారు. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ ఒకరి దగ్గర ఒకే మాట, ఇంకొకరి దగ్గర రెండు మాటలు, మరొకరు మొదటి అక్షరానికి ‘వి’ బదులు ‘డబ్ల్యు’ వేశారు. ఎం.ఏ. విద్యార్థి వచ్చి వెతికితే పుస్తకం లేదని తెర చెప్పేది. అలమరలో చూస్తే మూడు ప్రతులు వరసగా ఉండేవి. మా అటెండరు గారు కంప్యూటరు వైపు చూడకుండా నేరుగా అలమర దగ్గరికి వెళ్లి తెచ్చి ఇచ్చేవారు. ఆయన జ్ఞాపకమే మాకు కేటలాగు.

కొన్నేళ్లకు ఆ కంప్యూటరు పోయింది. కొత్త దానికి వెనక డాంగిల్ పెట్టే చోటే లేదు. సంస్థకు ఫోన్ చేస్తే ఆ నెంబరు పలకదు, ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. ఫైళ్లు మా దగ్గరే ఉన్నాయి, బ్యాకప్ ఫ్లాపీలు కూడా పదిలంగా ఉన్నాయి. ఆ ప్రోగ్రాము తప్ప మరేదీ వాటిని చదవలేదు. బీరువా మన ఇంట్లో ఉంది, బట్టలు మనవి, తాళంచెవి మాత్రం అంగడివాడు పట్టుకుపోయాడు. సరిగ్గా అదీ మా పరిస్థితి.

ఆదుకున్నది అక్సెషన్ రిజిస్టరు. మాకంటే ముందు పనిచేసిన ఒక లైబ్రేరియన్ అమ్మగారి చేతిరాత అందులో ఉంది. నీలి నల్ల సిరా. వరుస సంఖ్య, తేదీ, గ్రంథకర్త, పేరు, ప్రచురణకర్త, వెల, బిల్లు నెంబరు, రిమార్కులు. ఒక్క గడి ఖాళీగా వదలలేదు. పోయిన పుస్తకం ఎదురుగా ఎర్ర సిరాతో ‘చెదలు’ అనో, ‘పాఠకుడు పోగొట్టెను, వెల వసూలైనది’ అనో రాసి పక్కన పొట్టి సంతకం. వెల రూపాయిన్నర అయితే రూపాయిన్నర అని ఉంది, బిల్లుతో పోల్చి చూస్తే తేడా లేదు. ఆ వేసవి సెలవుల్లో మా విద్యార్థులు ఆ రిజిస్టర్లు ముందు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కొట్టారు. కరెంటు పోతే బయట వేపచెట్టు కింద కూర్చుని ఒకరు చదివితే ఒకరు తెల్లకాగితం మీద రాసుకున్నారు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ వదిలేసి పోయింది, ఆ తల్లి చేతిరాత మిగిలింది. ఇప్పుడు ఆ రిజిస్టర్లు రాసే ఓపిక ఎవరికీ లేదు. బార్‌కోడు అంటించేశాం కదా అంటున్నారు. దయచేసి రాయండి.

రెండోసారి కొట్టింది కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులోకి. దీని పుట్టుక మీరు వినాలి. న్యూజీలాండ్‌లో లెవిన్ అని చిన్న ఊరు. అక్కడ హొరొఫెనువా లైబ్రరీ ట్రస్టు కొన్ని శాఖలు నడిపేది. 1999లో వాళ్ల సాఫ్ట్‌వేరుకు 2000 సంవత్సరం వస్తే తేదీలు తెలియవు. వైటూకే గొడవ మీకు గుర్తుంది కదా. కొత్తది కొందామంటే బోలెడు ఖర్చు, పైగా శాఖల మధ్య టెలిఫోన్ లైన్లు నెమ్మది. కటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చి, బ్రౌజరులో నడిచేలా కొత్తగా రాసిపెడతామంది. కొన్ని నెలల్లో రాశారు. 2000 జనవరి 3న లెండింగ్ కౌంటరు దాని మీదే తెరిచారు. తరవాత వాళ్లు చేసిన పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. తమ డబ్బుతో చేయించుకున్న ప్రోగ్రామును జి.పి.ఎల్. కింద లోకానికంతా ఇచ్చేశారు. అమెరికాలో నెల్సన్‌విల్ అనే ఊరి పౌర గ్రంథాలయం తమకు పుస్తక వివరాలను అంకెల గడుల్లో దాచే మార్క్ రికార్డులు కావాలని డబ్బు పెట్టి ఆ సౌకర్యం చేయించింది. అది మనందరికీ వచ్చింది. ఫ్రాన్సు వాళ్లు ఇంకొన్ని చేర్చారు. ఒక అమెరికా కంపెనీ కోహా పేరునే న్యూజీలాండ్‌లో ట్రేడ్‌మార్కు చేసుకోబోతే, 2011లో ఆ చిన్న ట్రస్టు సాయం అడిగింది, దేశదేశాల నుంచి విరాళాలు వచ్చాయి. చివరికి ఆ నమోదు నిలవలేదు. ఊరి గ్రంథాలయానికి ఊళ్లు అండగా నిలవడం మన 1914 నాటి మాట కాదూ?

కోహాలో మేము తెలుగు పుస్తకం పేరు తెలుగులోనే కొట్టాం. యూనికోడ్ కాబట్టి ఏ యంత్రం మీదైనా అదే అక్షరం. 245 అనే గడిలో పుస్తకం పేరు, 100లో రచయిత పేరు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం పెట్టి మన పుస్తకాలు కొంటోంది, కాబట్టి చాలా తెలుగు పుస్తకాల వివరాలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కోహాలో ఒక మీట నొక్కితే వాటిని తెచ్చుకోవచ్చు. అవి రోమన్ లిపిలో, అక్షరాల పైనా కిందా గీతలూ చుక్కలతో వస్తాయి. వాటిని అలాగే ఉంచి, 880 గడిలో తెలుగు రాసుకుంటే రెండు విధాలా దొరుకుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మా అటెండరు గారే అందరికంటే ముందు నేర్చుకున్నారు. ‘వేయిపడగలు’ అని ఆయన కొట్టగానే మూడు ప్రతులూ, ఏ అలమర, ఏ అర, ఎవరి దగ్గర ఉందో, అన్నీ వచ్చాయి. ‘ఇప్పుడు ఇది నాకు తెలిసినంత దీనికీ తెలుసండీ’ అన్నారాయన.

ఇదంతా ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, జిల్లాల్లో మళ్లీ పాత దారే పడుతున్నారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని చట్టంలో ఉంది. ఆ సొమ్ము మన ఖాతాలోకి చేరడమే గగనం. చేరిన కాస్తా ఏటేటా కట్టే సాఫ్ట్‌వేర్ అద్దెకు పోతే పుస్తకాలు దేంతో కొంటాం? లైబ్రేరియన్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఉన్నవాళ్లకు అదనపు బాధ్యతలు. పాతకాలపు లైబ్రేరియన్లు రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ కంఠస్థం చేసినవాళ్లు. ఇప్పుడు కంపెనీ ప్రతినిధి వచ్చి చూపించిన తెర చూసి సంతకం పెడుతున్నాం. కొనేవాడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ‘రేపు మేము నిన్ను వదిలేస్తే మా రికార్డులన్నీ మార్క్ ఫైలుగా మాకు ఇస్తావా? ఎలా ఇస్తావో ఇప్పుడే తీసి చూపించు’ అని అడగండి. చూపించలేకపోతే చెక్కు రాయకండి.

అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు. మూడు అంశాలూ రెండు మాటల్లో ముగిస్తాను. ఖర్చు: కోహాకు లైసెన్సు రుసుము లేదు. ఊరికే వస్తుందని మాత్రం అనుకోకండి. సర్వరుకు ఒక మంచి కంప్యూటరు, యూపీఎస్, లినక్స్ తెలిసిన ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఇచ్చే డబ్బు మన ఊళ్లోనే ఉంటుంది. భద్రత: రోజూ రాత్రి బ్యాకప్ తీసి ఇంకో చోట పెట్టండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి. పాఠకుడు ఏం చదివాడన్న చరిత్ర అవసరం తీరాక చెరిపేసే వీలు కోహాలో ఉంది, దాన్ని వాడండి. శిక్షణ: పరిశోధన గ్రంథాలను దాచే శోధ్‌గంగా నడుస్తున్నది డీస్పేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే, కాబట్టి విశ్వవిద్యాలయాల్లో ఇవి తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లను పిలవండి.

భోజనాల తరవాత పక్క గదిలో మా విద్యార్థి ఒకరు ల్యాప్‌టాపులో కోహా పెట్టుకుని కూర్చుంటారు. మీ గ్రంథాలయం పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో ఉంటే పెన్‌డ్రైవులో తెచ్చుకోండి, ఎక్కించి చూపిస్తారు. అక్సెషన్ రిజిస్టరు తెచ్చినవాళ్లు నా దగ్గరికి రండి, ముందుగా మీ రిజిస్టరు చూస్తాను. సెలవు.