ఉత్తరారణ్యములలో బాట, రేవు

పుణ్యక్షేత్రములకు పోవుట ఒక విధమైన ప్రయాణము. పనిమీద పోవుట మరియొక విధము. ఈ రెంటికీ చెందక, జనసంచారము తక్కువైన చోట దారి ఎట్లా ఏర్పడినదో, ఎట్లా నిలిచియున్నదో చూడవలెనని పోయే ప్రయాణము మూడవది. అట్టి కోరికతోనే మేమిద్దరము, భార్యాభర్తలము, ఒక వేసవిలో కెనడా వాయవ్య ప్రాంతమున కారుపై సాగి, అలాస్కా తీరమునుండి ఓడపై తిరిగి వచ్చాము.

బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ పట్టణములో సున్నా మైలు స్తంభము ఉన్నది. అలాస్కా రాజమార్గము అక్కడ మొదలవుతుంది. 1941 డిసెంబరులో పెరల్ హార్బరుపై జపాను దాడి జరిగిన తరువాత, అలాస్కాకు భూమార్గము లేకుండుట ప్రమాదమని అమెరికా ప్రభుత్వము తలచింది. 1942 మార్చిలో పని ఆరంభమైనది. నవంబరు 20వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. సుమారు 2,700 కిలోమీటర్ల దారి! పదివేలకు పైగా సైనికులు పనిచేయగా, వారిలో ఇంచుమించు మూడవవంతు నల్లజాతివారు. ఆనాటి అమెరికా సైన్యములో వారి దళములు వేరు. వెచ్చని దక్షిణ రాష్ట్రములనుండి వచ్చిన వారెందరో ఉత్తరపు చలికాలమును గుడారములలో గడిపారు. వారి శ్రమకు చాలాకాలము తగిన గుర్తింపు రాలేదు.

అక్కడి నేల సామాన్యమైనది కాదు. పైన నాచు, దాని క్రింద ఏడాది పొడుగునా గడ్డకట్టియుండే మన్ను. మొదట యంత్రములతో చెట్లనూ నాచునూ తొలగించగా ఎండ సోకి మన్ను కరిగినది. బండ్లు ఇరుసులదాకా దిగబడినవి. అప్పుడు పద్ధతి మార్చి, నాచును కదపకుండా దానిపై దుంగలు అడ్డముగా పరచి, మట్టి కప్పి దారి వేశారు. నాచు నేలకు దుప్పటి వంటిదని ఆ బురదే వారికి నేర్పినది.

ఇప్పుడు దారి బాగున్నది. ఒకరము కారు నడుపుతుంటే మరొకరము పటము చూస్తూ, తరువాతి పెట్రోలు బంకు ఎంత దూరమో లెక్కకట్టేవారము. లియార్డ్ నది దరిని అడవిదున్నలు మందలుగా మేస్తూ రోడ్డుమీదికి వస్తవి. అవి కదిలేవరకు కారు ఆపుకొని కూర్చుండుటే మర్యాద. అక్కడి వేడినీటి బుగ్గలో స్నానము చేస్తే రెండు రోజుల బడలిక తీరినది. రాత్రి పది దాటినా వెలుగు పోదు. కనుక పడుకొనే వేళను గడియారము చూసి నిర్ణయించుకొన్నాము.

ఆ అడవి ఎవరిదీ కాని చోటు అనుకొనరాదు. తరతరాలుగా అక్కడ ట్లింగిట్, టుచోనీ మొదలైన జాతులవారు వేటతోను చేపలతోను జీవించుచున్నారు. దారితోపాటు వారి పల్లెలకు తట్టమ్మ వంటి అంటురోగములు వచ్చినవి. టెస్లిన్ వంటి గ్రామములు 1942-43లో ఎంతో బాధపడినవి. దారి కొందరికి రక్షణ. మరికొందరికి అది అడగని అతిథి.

క్లూయేన్ సరస్సువద్ద మరొక సంగతి మమ్ములను నిలిపివేసినది. కాస్కవుల్ష్ అనే హిమానీనదము కరిగిన నీరు స్లిమ్స్ నదిగా ఈ సరస్సును చేరేది. హిమము వెనుకకు తగ్గుటవలన 2016 మే నెలాఖరున, కొద్ది రోజులలోనే, ఆ నీరు వేరొక లోయలోనికి మళ్ళినది. ఉత్తరమున బేరింగ్ సముద్రమునకు పోవలసిన నీరు దక్షిణమున పసిఫిక్‌లో కలియుచున్నది. మేము చూచిన వేళ విశాలమైన నదీగర్భము నుండి ధూళి మేఘమువలె లేచుచున్నది. సరస్సు మట్టమూ తగ్గినది. నదులు దారి మార్చుకొనుట పురాణములలో విన్నాము. మన కాలములోనే, వారము తిరుగకుండా జరిగినదని తెలిసి చాలాసేపు మాట్లాడుకొనలేకపోయాము.

హెయిన్స్ రేవులో కారుతో సహా ఓడ ఎక్కాము. గోదావరి పాయలపై వంతెనలు పడకముందు బండ్లను పంటుపై దాటించుట కోనసీమవారు ఎరుగుదురు. ఆ పంటునే అనేక అంతస్తుల ఓడగా ఊహించుకొనవలెను. 1963 నుండి అలాస్కా రాష్ట్రము ఈ ఓడలను నడుపుచున్నది. దానిని సముద్ర రాజమార్గమనే పిలుస్తారు. గది తీసుకొననివారు పైతట్టుమీద గుడారములు వేసుకొని నిద్రిస్తారు. ఇరువైపుల టాంగస్ అరణ్యము, దాదాపు 1 కోటి 67 లక్షల ఎకరములు. నడుమ ఇరుకైన నీటిబాట. రాష్ట్ర రాజధాని జూనోకు సైతము బయటినుండి రోడ్డు లేదు.

పోటీలకు పోయే పాఠశాల పిల్లలు, వైద్యునికొరకు పోయే వృద్ధులు, సరుకుల లారీలు, అందరికీ ఈ ఓడే దిక్కు. 2019లో ప్రభుత్వము నిధులు తగ్గించగా కొర్డోవా పట్టణమునకు నెలల తరబడి ఓడ రాలేదు. మనకు విహారమైనది వారికి కూరగాయలూ మందులూ అన్నమాట.

మూడు రోజులకు పైగా సాగి ఓడ బెల్లింగ్‌హామ్ చేరినది. దారి వేసిన సంవత్సరమును శిలాఫలకము చెప్పుతుంది; దానిని నిలుపు పని మాత్రము ఏటేటా చేయవలసినదే. క్రింద నేల కరుగుచుండగా రోడ్డును సరిచేయు కూలీలు, వానలో త్రాళ్ళు పట్టి ఓడను రేవుకు కట్టు నావికులు ఉన్నంతవరకే ఆ ఊళ్ళకు మనుష్యుల రాకపోకలు.