బీరువాలో రాయి గురించి ఒక మనవి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అందరూ జ్ఞాపకాలు చెబుతున్నారు. నేను మాత్రం ఒక తప్పు ఒప్పుకోవాలి. సైన్సు గది అద్దాల బీరువాలో, రెండో అరలో అరచేయంత రాయి ఒకటి ఉంది. కింద చీటీ మీద ‘ట్రైలోబైట్’ అని రాసి ఉంటుంది. దాన్ని తెచ్చింది నేనే. తొమ్మిదో తరగతిలో ఓ ఆదివారం మాధవధారలో స్నానాలు చేసి వస్తుంటే దొరికింది. నిలువునా మూడు భాగాలు, అడ్డంగా గీతలు. అచ్చం పుస్తకంలో బొమ్మే అనుకున్నాను. మాస్టారు అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ రాసి, చివర ఒక ప్రశ్నార్థకం పెట్టారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఎవరూ లేకుండా చూసి బ్లేడుతో ఆ ప్రశ్నార్థకం గీకేశాను. ఎవర్రా ఇదని అడిగితే, ఎలక కొరికిందండీ అన్నాను.

తరవాత స్టీల్‌ప్లాంట్ ల్యాబులో చేరాను. జగ్గయ్యపేట సున్నపురాయి ఎంత చూసినా ఒక్క ముక్కలోనూ పురుగు జాడ లేదు. ఎందుకు లేదా అని చదవబోతే రాళ్ల పిచ్చి పట్టుకుంది. ట్రైలోబైట్లు సముద్రపు జీవులు. సుమారు 52 కోట్ల ఏళ్ల కిందట కనిపించి, 25 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. మన కొండలేమో ఖొండలైటు. ఒడిశా ఖోండుల పేరు మీద 1902లో వాకర్ పెట్టిన పేరది. అవీ ఒకప్పుడు బురదే గానీ, ట్రైలోబైట్లు పుట్టకముందే భూమి లోతుల్లో ఉడికిపోయాయి. నా రాతి గీతలు గార్నెట్ పొరా, క్వార్ట్జు పొరా వానకు ఎగుడుదిగుడుగా అరిగితే పడ్డవి.

మూడు భాగాలుంటే సరిపోదు. తల, కణుపుల నడుము, తోక విడివిడిగా తెలియాలి. ఎడమ సగం కుడి సగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. గీత రాయి అంచుదాకా సాగిపోతే అనుమానించాల్సిందే. పీతల్లాగా పెంకు విడిచేవి కాబట్టి, నిండు జీవి కంటే తోక ముక్కలు, బుగ్గ ముక్కలే ఎక్కువ దొరుకుతాయి. మన దేశంలో వాటికోసం కశ్మీరో, స్పితి లోయో వెళ్లాలి. అంత దూరం వెళ్లలేక ఒకటి కొన్నాను. భూతద్దంలో చూస్తే గాలిబుడగల గుంటలు! జిగురు పోత.

అలాగని తెలుగు నేల మీద శిలాజాలు లేవనుకోకండి. రాజమండ్రి దగ్గర దుద్దుకూరు, పంగిడి క్వారీల్లో నల్లరాతి పొరల కిందా, మధ్యా ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి గుల్లలున్నాయి. మరమేకులా మెలితిరిగిన టరిటెల్లా ఒకటి, క్వారీవాళ్లను అడిగి తెచ్చింది, ఈ డబ్బాలో ఉంది. ఎక్కడ, ఏ పొరలో, ఏ రోజు దొరికిందో రాసి పెట్టాను. బడికి ఇస్తున్నాను.

పాత రాయిని మాత్రం పారేయకండి. ‘ఖొండలైటు, మాధవధార’ అని కొత్త చీటీ రాసుకొచ్చాను. మాస్టారు మొదటి వరుసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఎలక కాదండీ, నేనే. ఈ చీటీ మీద మీరొక సంతకం పెడితే, భోజనాల బెల్లు కొట్టేలోపు వెళ్లి అంటించేసి వస్తాను.