ముద్రాపరీక్ష



పూర్వము మన గ్రామములకు ముఖ్యమైన యుత్తరము వచ్చినచో, పెద్దలు దానిని విప్పుటకు ముందు లక్కముద్రను చూచెడివారు. ముద్ర పగిలియున్నను, దానిపైనున్న పేరు వేఱైనను, తెచ్చినవాని మాట నమ్మెడివారు కారు. నేడు నేను చెప్పబోవునది అట్టి ముద్రను గూర్చియే. అయితే యిది లక్కతో వేసినది కాదు. కంప్యూటరులలోను చేతి ఫోనులలోను వెబ్‌సైటులు మనకు చూపెడి సర్టిఫికెట్టు.

దిల్‌సుఖ్‌నగరమును మీలో పెక్కురు ఎఱుగుదురు. నల్లగొండ, సూర్యాపేట దిక్కులనుండి బస్సులో వచ్చువారు ఎల్.బి.నగరు కూడలిలో దిగి, మెట్రో రైలెక్కి మూడవ స్టేషనులో దిగినచో దిల్‌సుఖ్‌నగరము చేరుదురు. అచ్చటి వీథులలో కంప్యూటరు శిక్షణాలయములు, విద్యార్థుల హాస్టళ్లు, ఇంటర్నెట్టు సెంటర్లు మెండు. అట్టి యొక సెంటరులో నేను కూర్చుండియుండగా, ఒక పెద్ద రైతు తన మనుమరాలి పరీక్షరుసుము కట్టించుటకు వచ్చెను. మఱునాడే గడువు. అక్కడి కుఱ్ఱవాడు సైటును తెఱవగానే "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని యెఱ్ఱని గుర్తుతో హెచ్చరిక వచ్చెను. వాడు చదువకయే "అడ్వాన్స్‌డ్" అనుదానిని నొక్కి, "ప్రొసీడ్" అనుదానిని నొక్కబోయెను.

"ఆగు నాయనా! ఏమి వ్రాసియున్నదో చదువు" అంటిని.

"రోజూ వచ్చేదే సార్, నొక్కితే పోతది" అనెను.

"సారూ, రేపే ఆఖరు తారీఖు" అని పెద్దాయన దిగులుపడెను. ఆయన చేతిలో బ్యాంకు కార్డు ఉన్నది. ఆ కుఱ్ఱవానిని మాత్రమే నిందింపలేను. ఒకప్పుడు నేనును అట్లే నొక్కెడివాడను.

ఇంతకు ఆ ముద్ర చేయు పని యేమి? రెండు పనులు. మీరు చూచుచున్న సైటు, పైన కనబడు పేరు గలదియే యని చెప్పుట మొదటిది. మీరు వ్రాసిన రహస్యాంకెలు దారిలో నెవ్వరును చదువకుండ గూఢలిపిగా మార్చుటకు తోడ్పడుట రెండవది. ఈ ముద్రలనిచ్చు సంస్థలు వేఱుగ నున్నవి. వానిలో నమ్మదగినవాని పట్టిక మన యంత్రములోనే యుండును. దానినిబట్టియే బ్రౌజరు ముద్రను పరీక్షించును. పరీక్షలో తేలెడి దోషములు ముఖ్యముగా మూడు.

మొదటిది కాలదోషము. ప్రతి ముద్రకును గడువు కలదు. 2020 సెప్టెంబరునుండి ఆ గడువు 398 దినములకు మించరాదని నియమము వచ్చెను. 2029 మార్చి 15 తరువాత నిచ్చు ముద్రలకు 47 దినములే గడువని 2025లో నిర్ణయించిరి. సైటువారు మఱచినచో హెచ్చరిక వచ్చును. సైటువారి తప్పు లేకున్నను, మన గడియారము తప్పినచో వచ్చును. రెండవది నామదోషము: ముద్రపై నొక పేరు, సైటునకు వేఱొక పేరు. హాస్టలు వైఫైలో ముందుగా లాగిన్ కానిచో నొక్కొక్కప్పు డిట్లగును. మోసగాడు నడుమ నిలిచినను ఇట్లే యగును. మూడవది ముద్రించినవాని దోషము: అతని పేరు నమ్మదగినవారి పట్టికలో లేకుండుట.

ఆ దినమున కుఱ్ఱవాడు హెచ్చరిక చదివి చూడగా, అది కాలదోషము. కంప్యూటరులోని చిన్న బ్యాటరీ తీఱిపోయినందున, దాని తేదీ కొన్ని సంవత్సరములు వెనుకకు పోయినది. తేదీ సరిచేయగానే హెచ్చరిక మాయమయ్యెను. రుసుము చెల్లెను. పట్టిన కాలము రెండు నిమిషములు.

ముద్ర పరహస్తగతమైన నేమగునో ముద్రారాక్షస నాటకము చదివినవారెఱుగుదురు. రాక్షసుని యుంగరము చాణక్యునికి చిక్కెను. దానితో ముద్రించిన యుత్తరము మలయకేతునకు రాక్షసునిపైనున్న నమ్మకమును చెఱచెను. మన దేశమునను ఇంచుమించుగ నట్టిది జరిగెను. 2014 జూలై 2వ తేదీన, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ముద్రాధికారముక్రింద గూగుల్ పేర్లకు అనధికారముగా సర్టిఫికెట్లు పుట్టినవని గూగుల్ వారు కనుగొనిరి. ముద్రలనిచ్చు సంస్థలపై మన దేశమున, 2000 సంవత్సరపు చట్టముననుసరించి, కంట్రోలర్ అను అధికారి కలడు. ఆ కార్యాలయమువారు మఱునాడే, జూలై 3న, ఆ ముద్రాధికారమును రద్దుచేసిరి. ఫైర్‌ఫాక్సు పట్టికలో ఈ ముద్రాధికారి లేనందున దానికి ఆ ప్రమాదము తగులలేదు. ముద్రనిచ్చువానిని సైతము పరీక్షింపవలసినదే యని దీని తాత్పర్యము.

మఱియొక మాట. ముద్ర సరిగానున్నంత మాత్రమున సైటువాడు సజ్జనుడని తలంపరాదు. 2015నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ముద్రలను ఉచితముగా నిచ్చుచున్నది. ఇది లోకోపకారమే, కాని దొంగయు తన సొంత పేరునకు ముద్ర పొందగలడు. బ్యాంకు పేరులో నొక యక్షరము మార్చి సైటు తెఱచినచో, ముద్ర ఆ మారు పేరునకు సరిపోవును. కావున పేరు నక్షరమక్షరము చూడవలయును.

హెచ్చరిక వచ్చినప్పుడు మొదట దానిని చదువుడు. తేదీ, కాలము సరియేనా చూడుడు. సైటు పేరు చూడుడు. పరుల వైఫై విడిచి, మీ ఫోను డేటాతో మరల ప్రయత్నింపుడు. అప్పటికిని హెచ్చరిక పోనిచో, అచ్చట సొమ్ముగాని, పిన్నుగాని, ఆధార్ సంఖ్యగాని వ్రాయకుడు. పాత రసీదుపైనున్న నంబరుకు ఫోను చేసి యడుగుడు. లేదా కార్యాలయమునకే పొండు. ఒకవేళ మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు తెలుపుడు. ఆలసించినకొలది సొమ్ము చేతులు మాఱును.

గడువు దాటిన రుసుము సాధారణముగ జరిమానాతో తీఱును. అన్యుల చేతబడిన సొమ్ము తిరిగివచ్చుట కష్టము. మీ పిల్లలు, మనుమలు తొందరలో "నొక్కితే పోతది" అన్నప్పుడు, "ముందు చదివి వినిపింపుము" అని యడుగుడు. ఇంగ్లీషు రాదని వెనుదీయవలదు. అడుగుట పెద్దల యధికారము.

సెలవు.