కందనవోలును కడపయు: రెండు నగరముల పెంపు, మన కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



కర్నూలు గొప్పదా, కడప గొప్పదా యను వాదము మనలో నేడు పుట్టినది కాదు. సభామంటపమున మొదలు కాకున్నను భోజనపంక్తిలోనైన నా మాట వచ్చి తీరును. మొన్నమొన్నటివఱకు అది వినోదము. మన సంఘము నిధి సమకూర్చి యొక భవనము కట్టింపదలచిన నాటినుండి ఆ వినోదము వివాదమైనది. “మాది పెద్ద నగరము, భవనమచ్చటనే యుండవలెను” అని కర్నూలు సోదరులనుచున్నారు. “మాది వేగముగ పెరుగుచున్న నగరము, ముందు మాకే” అని కడప సోదరులనుచున్నారు. చందాలు వ్రాసినవారిలో కొందఱు స్థలనిర్ణయము తేలువఱకు సొమ్ము చెల్లింపమనియు చెప్పిరి. ఉభయ జిల్లాల పాఠశాలలలోను పనిచేసినవారము గావున, ఈ రెండు నగరములను గూర్చి మాకు తెలిసినంత విన్నవింపుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. తీర్పు సభవారిది. తూనికరాళ్లను సరిచూచి సభ ముందుంచుటయు, మా మతమును చెప్పుటయు మా పని.

మొదట పేళ్ల సంగతి. అలంపురమున దేవాలయములు కట్టునాడు రాళ్లు మోయు బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు దక్షిణపు టొడ్డున ఆగి, ఇరుసులకు కందెన పూసికొనెడివనియు, అందుచే ఆ తావునకు కందెనవోలు, కందనవోలు అను పేరు కలిగెననియు, అదియే కర్నూలయ్యెననియు పెద్దలు చెప్పుదురు. తిరుమలకు పోవు యాత్రికులు ముందుగ దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరస్వామిని సేవించి పోవుట యాచారము గనుక, తిరుమలకు గడప వంటిదగుటచే కడప యయ్యెనందురు. ఈ వ్యుత్పత్తులను వైయాకరణులొప్పినను ఒప్పకున్నను ఒక్క సంగతి గమనింపదగినది. రెండు పేళ్లును బాటసారులనుబట్టి చెప్పబడినవే. ఒకటి బండి ఆగి సత్తువ తెచ్చుకొను చోటు. రెండవది అడుగు పెట్టి లోనికి దాటు చోటు. ఆగువారును దాటువారును ఉన్నంతకాలమే ఆ పేళ్లకు అర్థము.

చరిత్రమున ఈ రెండు నగరములు అక్కచెల్లెండ్రవలె పెరిగినను ఒకే యింట పెరుగలేదు. రెండింటను నవాబులు పాలించిరి. నిజాము 1800లో ఆంగ్లేయులకు ఒసగిన దత్తమండలములలో కడప చేరిపోయెను. మన్రో దొర ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగ వచ్చెను. 1808లో అవి బళ్లారి, కడప జిల్లాలుగ విభజింపబడెను. కర్నూలు నవాబులు మాత్రము మఱి కొంతకాలము నిలిచిరి. కడపటి నవాబైన గులాం రసూల్ ఖాను రహస్యముగ ఆయుధములు కూర్చెనను నేరారోపణపై 1839లో పదభ్రష్టుడయ్యెను. కర్నూలు జిల్లా 1858లో ఏర్పడెను. దొరతనపు కచ్చేరీలు, దస్త్రములు, మద్రాసుతోడి రాకపోకలు కడపకు ఇంచుమించు నలువది యేండ్లు ముందుగ అలవడెనని దీనివలన తెలియుచున్నది.

1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర అచ్చట బంగళా కొని, పండితులను చేర్చి జీతములిచ్చి, తాళపత్రములలో నశించుచున్న తెలుగు కావ్యములకు పాఠపరిష్కారము చేయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ఆయన నివసించిన తావుననే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికచే, ఆయన పేర గ్రంథాలయమును భాషాపరిశోధన కేంద్రమును వెలసినవి. ఉన్నదానిని పోగొట్టుకొనక కాచుకొనుట కడప గుణమని మేము తలచుటకు ఇది యొక సాక్ష్యము.

కర్నూలు గుణము వేఱు. అది పొందుటయు పోగొట్టుకొనుటయు ఎఱిగిన నగరము. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో కుదిరిన శ్రీబాగు ఒడంబడికను పురస్కరించుకొని, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు కర్నూలు రాజధాని యయ్యెను. ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి. కచ్చేరీలకు భవనములు చాలక గుడారములలో రాజ్యము నడచెను. ఉన్నత న్యాయస్థానము 1954లో గుంటూరున స్థాపింపబడెను. 1956 నవంబరు 1వ తేదీన రాజధాని హైదరాబాదునకు తరలెను. మూడేండ్ల వైభవము! ఐనను ఆ మూడేండ్లు కర్నూలునకు ఒక అలవాటు నేర్పినవి. తనకు రావలసినదేదో యింకను రావలసియున్నదని యెదురుచూచు అలవాటది. ఉన్నత న్యాయస్థానపు ధర్మాసనము నొకదానిని కర్నూలున నెలకొల్పవలెనని రాష్ట్ర శాసనసభ 2024లో తీర్మానించుటయు ఆ యెదురుచూపులో ఒక ఘట్టమే.

శాస్త్రములయందు యోగక్షేమములని జంటగ చెప్పుదురు. లేనిదానిని పొందుట యోగము, పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. కర్నూలు మనస్సు యోగముపైన, కడప మనస్సు క్షేమముపైన నిలిచినది. ఈ రెండింటిలో ఒకటి లేక రెండవది నిలువదు.

ఇక పరిమాణము. 1901 నాటి జనగణనమున కర్నూలు జనము 25,376. కడప జనము 16,432. 2011 నాటికి కర్నూలు సుమారు 4 లక్షల 30 వేలు, కడప సుమారు 3 లక్షల 44 వేలు. నూటపదియేండ్లలో మొదటిది సుమారు 17 రెట్లు, రెండవది సుమారు 21 రెట్లు పెరిగెనన్నమాట. కర్నూలు పెద్దది, కడప వేగము గలది. ఇరుపక్షములవారును నిజమే చెప్పుచున్నారు.

ఐనను ఈ యంకెలను త్రచ్చి చూడవలెను. 2001లో కడప పురపాలక సంఘపు హద్దులలోని జనము సుమారు 1 లక్ష 26 వేలు మాత్రమే. పదియేండ్లలో అది ఇంచుమించు మూడింతలగుట యెట్లు? అంతమంది శిశువులు పుట్టలేదు. అంతమంది క్రొత్తగ వలస రాలేదు. 1868లో పుట్టిన పురపాలక సంఘము నగరపాలక సంస్థగ మాఱినపుడు, చుట్టునున్న గ్రామములు దానిలో కలిసినవి. వారందఱు అంతకుముందును అచ్చటనే యుండిరి, కడప బజారులోనే బియ్యము కొనిరి. గీత జరిగినది, మనుజులు జరుగలేదు. కర్నూలునను ఈ తీరు కొంత కలదు. 1866లో పుట్టిన పురపాలక సంఘము 1994లో నగరపాలక సంస్థ యయ్యెను. శ్రీశైల జలాశయము నిండినపుడు 1980 ప్రాంతముల నదీతీర గ్రామములనేకములు మునిగిపోగా, ఇల్లు పొలము పోయినవారిలో కొందఱు కర్నూలు చేరిరి. మునిగిన యూళ్లనుండి కదలించిన ప్రాచీన దేవాలయమును నేడు జగన్నాథగట్టుపై చూడవచ్చును. ఒక నగరము పెరిగెననగా ఎచ్చటనో కొన్ని యూళ్లు తఱిగెనని యర్థము. కావున జనసంఖ్యను చూపి “మాది గొప్ప” యని మీసము దువ్వుట తగదు.

నగరమును కొలుచుటకు వేఱొక కొలత కలదు. చుట్టునున్న పల్లెవాడు కష్టకాలమున ఏ దిక్కునకు చూచును? కర్నూలు మొగము ఉత్తరమునకు. హైదరాబాదు బాట దాని గుండెలోనుండి పోవుచున్నది. కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోవు 44వ సంఖ్య రాజమార్గము దానిని తాకుచున్నది. 1956లో స్థాపితమైన వైద్యకళాశాలయు, దాని పెద్దాసుపత్రియు కర్నూలునకు నిజమైన రాజధానీత్వమును ఇచ్చినవని మా మతము. అనంతపురమునుండియు, తుంగభద్రకు ఆవలనున్న పాలమూరు సీమనుండియు రోగులు అచ్చటికే వత్తురు. 1947 నాటి ఉస్మానియా కళాశాల, 2008 నాటి రాయలసీమ విశ్వవిద్యాలయము, 2021లో తెఱచిన ఓర్వకల్లు విమానాశ్రయము దాని తరువాతివి.

కడప మొగము దక్షిణమునకు. మద్రాసునుండి బొంబాయికి పోవు రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దముననే దానిని చేరెను. తిరుపతి, మద్రాసు దాని పెద్ద బజారులు. మూడు ప్రక్కల నల్లమల, పాలకొండలు కాపుండగా అది లోగిలివంటి నగరము. ఉగాదినాడు ముసల్మానులు దేవుని కడపకు వచ్చి స్వామిని సేవింతురు. అమీన్ పీరు దర్గాకు హిందువులు పోవుదురు. అచ్చటి నల్లబండ దేశమంతట ఇండ్లలో పఱచియున్నది. 1948 నాటి ప్రభుత్వ కళాశాల, 2006 నాటి యోగివేమన విశ్వవిద్యాలయము, అదే యేడు వెలసిన వైద్యకళాశాల, 2015లో మరల నడక సాగించిన విమానాశ్రయము దాని సంపదలు. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ సీమలోని పాత రాతిపొరలకు కడప పేరును, వానిపై పేరుకొన్న క్రొత్త పొరలకు కర్నూలు పేరును పెట్టియున్నారు. క్రింద కడప, పైన కర్నూలు. రెండును ఒక్క నేలయే!

ఈ రెండు నగరములకు ఉమ్మడి లోపమొకటి కలదు. అది నీరు. ఏటికి ఆఱేడు వందల మిల్లీమీటర్ల వాన గల సీమ మనది. 1876 మొదలుకొని రెండేండ్లు పట్టిన ధాత కఱవులో కర్నూలు జిల్లా జనములో ఇంచుమించు నాలుగవపాలు తఱిగిపోయెను. అంతటి యెండుసీమలో వఱద వచ్చినను చావే. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు ఒక్కమాఱు పొంగి కర్నూలును ముంచెను. 2020 నవంబరులో బుగ్గవంక పొంగి కడప వీధులను ముంచెను. వంకలను పూడ్చి ఇండ్లు కట్టుకొనిన చోట నగరపు పెంపు శాపమగునని రెండును నేర్చినవి.

ఈ రెంటిని కట్టిన సూత్రము కూడ నీరే. సుంకేసుల యానకట్టనుండి కడప వఱకు ఇంచుమించు 190 మైళ్లు పాఱు కర్నూలు–కడప కాలువను 1863 మొదలు 1870 వఱకు ఒక ఆంగ్లేయ కంపెనీ త్రవ్వించెను. పొలములకు నీరును, సరకులకు పడవదారియు కాగలదని తలచిరి. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము దానిని తీసికొనెను. ఆ కాలువ తల కర్నూలు చెంత, తోక కడప చెంత. తలవద్ద తూములు బార్లా తెఱచినచో తోకనున్న రైతు వరినాటు మానుకొనవలసినదే. మన సంఘపు నిధియు కాలువవంటిదే. “మాది పెద్ద యూరు” అని తలవద్దనే త్రాగివేయుట న్యాయము కాదు. “మేము తోక” అని కోపించి గట్టు తెంచుటయు న్యాయము కాదు.

ఇక మా మతము. భవనమెచ్చట నను ప్రశ్నకు ముందు, ఏ భవనమను ప్రశ్న రావలెను. కర్నూలునకు మనవారు ఎందుకు పోవుచున్నారు? ముఖ్యముగ వైద్యమునకును, వ్యవహారములకును. రోగికి మంచము దొరకినను, వెంట వచ్చిన తల్లికిని తమ్మునికిని తల దాచుకొను చోటు కావలయును. కందెన పూసికొనుటకు బండి ఆగిన చోట కట్టవలసినది సత్రము. పది గదులు, ఒక వంటయిల్లు, త్రాగునీరు చాలును.

కడపలో కావలసినది విద్యార్థినీ వసతిగృహము. మా ఉపాధ్యాయ జీవితమున పదవ తరగతిలో తరగతికంతటికి మొదటగ నిలిచిన బాలికలు, పట్టణమున వసతి లేదని తండ్రులు వెనుకాడుటచే చదువు మానుకొనుట ఒకమాఱు కాదు, ఏటేట చూచితిమి. వారి తండ్రులు దుష్టులు కారు. పులివెందుల, బద్వేలు ప్రక్క పల్లెనుండి ప్రతిదినము బస్సులో పోయి చీకటిపడి రావలసిన బిడ్డను గూర్చి భయపడిన సామాన్యులు. మగపిల్లవాడు ఎవరి యరుగుమీదనో పరుండి చదువుకొనును. మనలో ననేకులట్లు చదివినవారమే. ఆడుపిల్లకు ఆ యరుగు లేదు. గడప దాటుటకు ఒక చేయి కావలెను. ఆ చేయి మన సంఘము కాగలదు.

ద్రవ్యము రెండింటికి చాలినచో రెండును కట్టుదము. ఒక్కదానికే చాలినచో కడప వసతిగృహమే ముందు కట్టవలెనని మేము నిస్సంశయముగ చెప్పుచున్నాము. కడప గొప్పదని కాదు. రోగి బంధువులకు నాలుగు దినములకు అద్దెగది యైన దొరకును. చదువు మానిన బాలికకు పోయిన యేడు మరల దొరకదు. కర్నూలు సోదరులు ఈ మాటకు నొచ్చుకొనరని మా నమ్మకము. రాజధానినే సోదరులకు విడిచిన నగరమువారు ఒక్క భవనమునకు వెనుదీయుదురా? కడప సోదరులును ఆ వసతిగృహమున మొదటి గదులను కర్నూలు, నంద్యాల సీమల బాలికలకు విడిచి, తమ వంతు గౌరవమును నిలుపుకొందురుగాక. అటుపై సత్రమునకు మొదటి చందా కడపనుండియే రావలెను.

మేము అఱువది దాటినవారము. ఈయగలిగిన ధనము మాకు స్వల్పము. మా పింఛనులో ఒక నెల మొత్తమును వసతిగృహమునకును, దానిలో సగమును సత్రమునకును ఈ సభయందే వ్రాసియిచ్చుచున్నాము. స్థలనిర్ణయము తేలువఱకు ఆగుదుమన్న దాతలు నేటి సాయంకాలపు తీర్మానముతో తమ వాగ్దానములను చెల్లింతురని ప్రార్థించుచున్నాము.