కార్డు మీద రెండు జాతులు

సింగపూర్ పౌరుల గుర్తింపు కార్డు మీద పేరు, పుట్టిన తేదీతో పాటు జాతి కూడా అచ్చవుతుంది. చైనీయులు, మలయ్‌లు, భారతీయులు, ఇతరులు అని అక్కడి ప్రభుత్వం లెక్క. మరి అమ్మ చైనీయురాలు, నాన్న భారతీయుడు అయితే బిడ్డది ఏ జాతి? చాలాకాలం తండ్రి జాతే రాసేవారు. 2011 జనవరి నుంచి తల్లిదండ్రులు కోరితే మధ్యలో చిన్న గీత పెట్టి రెండూ రాస్తున్నారు. చాలా మంచి మార్పు. అమ్మ వైపువాళ్లు కూడా కాగితం మీదికి ఎక్కారు.

అయితే ప్రభుత్వ ఇళ్ల సముదాయాల్లో ఒక్కో జాతికి ఇంత వాటా అనే నియమం 1989 నుంచి ఉంది. అక్కడ మాత్రం గీతకు ముందున్న జాతినే లెక్కిస్తారు. కాబట్టి ఏది ముందు రాయించాలో ఇంట్లో ఆలోచించుకోవాలి.

ఇక భాష సంగతికొస్తే, అక్కడి బడిలో ఇంగ్లీషుతో పాటు మాండరిన్, మలయ్, తమిళాల్లో ఒకటి చదవాలి. హిందీ, బెంగాలీ లాంటి మరికొన్నిటికీ వీలుంది. తెలుగుకు లేదు. నా మట్టుకు నాకు బాధ కలిగించేది ఇదే. నాన్న తెలుగువాడైనా, బడిలో మాండరిన్ చదివే పిల్లకు నానమ్మ ఫోన్లో "అన్నం తిన్నావా బంగారూ" అంటే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అలాంటి ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ తన భాష మానకుండా మాట్లాడాలి. పిల్లలు కొన్నాళ్లు రెండూ కలిపేసినా కంగారు పడొద్దు, ఎవరితో ఏది మాట్లాడాలో వాళ్లే పట్టేస్తారు. సెలవుల్లో ఊరికి తీసుకొచ్చి పక్కింటి పిల్లలతో ఆడనిస్తే నోరు ఇంకా తొందరగా తిరుగుతుంది.