తెల్లవారుజాము మూడు గంటల కరెంటు: గోదావరి డెల్టాలో శక్తి వనరులు, వేళల లెక్క

కృష్ణా గోదావరి బేసిన్‌లోని సహజవాయువు, సీలేరు కొండల నుంచి దిగివచ్చే నీరు, ఏడాదిలో అధిక భాగం కాసే ఎండ, రైసు మిల్లుల దగ్గర గుట్టలు పడే ఊక, ఇన్ని శక్తి వనరులు ఒక్కచోట సమకూరిన ప్రాంతాలు దేశంలో తక్కువ. అయినా ఉభయ గోదావరి జిల్లాల్లో రైతుకూ, మిల్లు యజమానికీ, విద్యుత్ శాఖ ఇంజనీరుకూ కరెంటు కష్టాలు తీరలేదు. దీనికి కారణం వనరుల లేమి అనుకోవడం పొరపాటు. ఏ శక్తి ఏ వేళకు అందుతుందో, ఏ పనికి ఏ వేళ అవసరమవుతుందో, ఆ రెండు లెక్కలూ పొసగకపోవడమే అసలు చిక్కు.

భీమవరం, ఉండి, కాళ్ల, ఆకివీడు ప్రాంతాల్లో వరిచేలు రొయ్యల చెరువులుగా మారినకొద్దీ ఈ చిక్కు ముదిరింది. వనామీ రొయ్య బాగా పెరగాలంటే లీటరు నీటిలో కనీసం 4, 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. పగలు చెరువులోని సూక్ష్మమైన నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. పొద్దుగుంకిన తరువాత అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి దానిని ఖర్చు చేస్తాయి కనుక, తెల్లవారుజామున మూడింటికీ అయిదింటికీ మధ్య దాని మోతాదు అట్టడుగుకు చేరుతుంది. తెడ్లతో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు అప్పుడు ఆగితే రొయ్యలు గట్ల వెంట తేలతాయి. గట్టు మీది డీజిల్ జనరేటర్ వెంటనే అందుకోకపోతే నెలల తరబడి పెంచిన పంట ఒక్క పూటలో పోతుంది. అంటే సూర్యశక్తి బొత్తిగా లేని వేళలోనే డెల్టాకు కరెంటు అత్యవసరమవుతోంది.

ఏరియేటర్లను తిప్పే ఇండక్షన్ మోటార్లు, పనికి వచ్చే విద్యుత్తుతో పాటు, తమలోని అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టుకోవడానికి లైనులో అటూ ఇటూ తిరిగే విద్యుత్తును కూడా లాగుతాయి. దీనిని రియాక్టివ్ పవర్ అంటారు. పొడవైన 11 కేవీ లైను చివర ఇలాంటి మోటార్లు వందల సంఖ్యలో ఒకేసారి తిరిగితే ఓల్టేజీ పడిపోయి, వైండింగులు వేడెక్కి కాలిపోతాయి. కెపాసిటర్లు బిగించడం, ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగలనూ ఇన్సులేటర్లనూ సకాలంలో మార్చడం దీనికి చవకైన మందు. కొత్త సాంకేతికత గురించి ఘనంగా చర్చించే సభల్లో ఈ చిన్న పనుల ఊసు రాకపోవడం విచారకరం.

రాత్రి అవసరానికి తగిన యంత్రాలు డెల్టాలో లేకపోలేదు. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కాకినాడ, పెద్దాపురం, రావులపాలెం దగ్గరి దేవరపల్లి, ఇన్నిచోట్ల కంబైన్డ్ సైకిల్ కేంద్రాలు వెలిశాయి. గ్యాసును మండించి ఒక టర్బైన్‌ను తిప్పి, బయటికి పోయే పొగలోని వేడితో ఆవిరి పుట్టించి రెండో టర్బైన్‌ను తిప్పే పద్ధతి ఇది. బొగ్గు కేంద్రాల కంటే త్వరగా ఇందులో ఉత్పత్తిని పెంచవచ్చు, తగ్గించవచ్చు. 2009 ఏప్రిల్‌లో సముద్రంలోని కేజీ-డీ6 బ్లాకులో మొదలైన గ్యాసు గాడిమొగ తీరానికి చేరి, 2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు పెరిగినప్పుడు ఈ కేంద్రాల భవిష్యత్తుకు ఢోకా లేదనిపించింది. తరువాత బావుల్లోకి నీరు, ఇసుక చొరబడి, పీడనం తగ్గి, 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు ఆగిపోయింది. 2020 డిసెంబరు నుంచి అదే బ్లాకులో కొత్త క్షేత్రాలు ఒక్కొక్కటిగా మొదలై ఉత్పత్తి మళ్లీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి వచ్చినా, లోతు సముద్రపు గ్యాసు ధర పెట్టి తీసిన కరెంటును కొనడానికి పంపిణీ సంస్థలు వెనుకాడుతున్నాయి. అయితే లీటరు డీజిలుతో చెరువుగట్టు జనరేటర్ ఇచ్చేది మూడు, మూడున్నర యూనిట్లే. ఆ ఖర్చులో సగం కూడా గ్యాసు కరెంటుకు కాదు. గ్యాసు కరెంటును పోల్చవలసింది ఈ డీజిల్ ఖర్చుతో గాని, మధ్యాహ్నపు సోలార్ ధరతో కాదు.

కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు కోసం డెల్టా చెల్లించిన మూల్యం కూడా లెక్కలోకి రావాలి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బ్లోఅవుట్ జరిగి, అంటే బావిలోని పీడనం అదుపు తప్పి గ్యాసు పైకి ఎగదన్ని, రేగిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పగిలి ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గ్యాసులో తేమ మిగిలిపోతే, అందులోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి ఆమ్లమై ఉక్కుగొట్టాన్ని లోపలినుంచి తినివేస్తుందన్నది ఇంజనీరింగ్ విద్యార్థికి కూడా తెలిసిన విషయం. తెలిసిన విషయాన్ని ఆచరణలో పాటించకపోవడానికి క్షమ లేదు.

నీటి సంగతి మరింత సున్నితమైనది. రబీలో గోదావరి సహజ ప్రవాహం సన్నగిల్లినప్పుడు, పొల్లూరులోని 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రంలో టర్బైన్లను తిప్పి వచ్చిన నీరే శబరి మీదుగా ధవళేశ్వరం చేరి కాలువలకు అందుతుంది. గ్రిడ్డుకు ఆ నీరు సాయంత్రం వేళ, డిమాండు ఎక్కువైన కొద్ది గంటలు కావాలి. చివరి ఆయకట్టులో పొట్టమీదున్న వరికి రోజంతా నిలకడగా కావాలి. ఎద్దడి ముదిరిన ఏళ్లలో డొంకరాయి నుంచి నీటిని విద్యుత్ కేంద్రం గుండా కాక నేరుగా వదిలిన సందర్భాలున్నాయి. చేను బతికింది గాని ఆ మేరకు కరెంటు పోయింది. పోలవరం జలాశయం నిండిననాడు ఈ వైరుధ్యం చాలావరకు సడలుతుంది, ఎందుకంటే సీలేరు ఏ వేళ నీరు వదిలినా దానిని పట్టి ఉంచి డెల్టాకు సమంగా ఇవ్వవచ్చు. పోలవరంలో తలపెట్టిన 80 మెగావాట్ల 12 యూనిట్ల కంటే ఈ ప్రయోజనమే పెద్దది. వరదలకు దెబ్బతిన్న డయాఫ్రం వాల్ స్థానంలో, అంటే నదీగర్భంలోని ఇసుక గుండా నీరు ఊరకుండా కట్టే గోడ స్థానంలో, కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకం కూడా రూపుదిద్దుకుంటోంది: పగటి సోలార్ కరెంటుతో డొంకరాయి నీటిని గుంటవాడ జలాశయానికి ఎక్కించి, రాత్రి మళ్లీ దింపడం దీని పద్ధతి. పెట్టిన నాలుగు యూనిట్లలో ఇంచుమించు మూడు తిరిగివస్తాయి.

ఇంతలో కరెంటుకు మరో పెద్ద గిరాకీ తయారవుతోంది: కాకినాడలో పాత యూరియా కర్మాగారాన్ని హరిత అమోనియా తయారీకి మలిచే పని నడుస్తోంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి తీసిన హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో కలిపి చేసే ఈ అమోనియాకు టన్నుకు సుమారు 10,000 యూనిట్లు కావాలి. ఓడరేవుకూ ఉపాధికీ ఇది మేలు చేసే పరిశ్రమే. కాని ఏడాదికి 10 లక్షల టన్నుల లక్ష్యానికి కావలసిన అపారమైన విద్యుత్తును సమకూర్చగల రాష్ట్రం, ఆకివీడు ఫీడరుకు నాలుగు గంటల బ్యాటరీ నిల్వను సమకూర్చలేదని ఎవరూ అనలేరు. ఆ బ్యాటరీలను నింపే కరెంటు కోసం ముక్కారు పండే డెల్టా నేలను సోలార్ పలకలకు ఇవ్వడం తగదు. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం ఇందుకు మార్గం చూపింది. పలకలు నీటి మీద, బ్యాటరీలు 33 కేవీ సబ్‌స్టేషన్ల ఆవరణలో ఉంటే పైలైనులో సరఫరా ఆగినా చెరువులకు కొన్ని గంటలు కరెంటు అందుతుంది.

ఏ సబ్‌స్టేషన్ కింద ఏ గంటకు ఎంత కరెంటు కావాలో, ఎక్కడ ఎన్నిసార్లు, ఏ వేళ సరఫరా ఆగిందో మండలాల వారీగా లెక్క తీసి ప్రజల ముందు పెట్టడం మొదట జరగవలసిన పని. ఆ పనికి ఉభయ గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలలు, విద్యుత్ శాఖ ఇంజనీర్లు, రొయ్యల రైతుల సంఘాలు కలిసి వచ్చే రబీలోపే పూనుకోవాలి.