నూడుల్స్ సద్ది: పొద్దున కట్టింది ఒంటిగంటకు తినేటట్టు ఎట్ల?

తెలకపల్లి నుంచి మాట్లాడుతున్న. వీడియో కొంచెం ఊగుతది, ఏమనుకోకండి, ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనిచ్చి పెట్టిన.

ఇయ్యాల నూడుల్స్ బాక్స్. రీల్స్‌ల చూస్తరు కదా, జపాన్ బెంటో, క్యారెట్‌ను పువ్వు లెక్క కోసి పెడతరు. మా చెల్లె అది చూసి నాక్కూడా అట్లనే కట్టియ్యమన్నది. ఇంటర్ చదువుతది, ఏడున్నర బస్సుకు నాగర్‌కర్నూల్ పోతది. కట్టిచ్చిన. మొదటి రోజు బాక్స్ అట్లనే తిరిగొచ్చింది. "ముద్దయింది అక్కా" అన్నది. రెండో రోజు వాసనొచ్చిందని తినలే. పొద్దటి నుంచి ఏం తినక, వచ్చేటప్పుడు బస్సుల కళ్లు తిరిగినయంట. తప్పు నాదే. వేడివేడిగ పెట్టి మూత బిగించిన.

ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను 1958ల జపాన్‌ల మొమొఫుకు ఆండో అనే ఆయన తెచ్చిండు. వేడినీళ్లు పోసి అప్పటికప్పుడు తినేటందుకు చేసినవి అవి. మనమేమో ఐదారు గంటలు డబ్బాల మూసి పెడుతున్నం. బెంటో అట్ల కాదు, చల్లారినంక తినేటందుకే కడతరు. అంటే మన సద్దే. మా తాత చేనుకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, కారం కట్టుకొని పోయేటోడు. పులుసు ఎన్నడూ కట్టుకపోలే. తడి ఉంటే పాసిపోతదని ఆయనకు ఎరుకే.

సరే, పొయ్యి వెలిగిద్దాం. నేను మసాలా ప్యాకెట్ వాడుతలేను, ఉత్త హక్కా నూడుల్స్ తీసుకున్న. మసాలాదే కావాలంటే ప్యాకెట్ వెనక సోడియం చూడండి. 800 మిల్లీగ్రాములు అని ఉంటే 2 గ్రాముల ఉప్పు అన్నట్టు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దంటరు. అందుకే మసాలా సగమే వేయండి.

నూడుల్స్ ప్యాకెట్ మీద రాసిన దానికన్నా ఒక నిమిషం ముందే దించాలె. జల్లెడల వంచి, తాగే నీళ్లతోనే చల్లగ కడగాలె, బోరు నీళ్లు వద్దు. చెంచాడు నూనె కలిపి, వెడల్పు పళ్లెంల పరిచి ఫ్యాన్ కింద పెట్టండి.

కూరగాయలు: క్యారెట్, బీన్స్, క్యాబేజీ, సన్నగ. టమాట, కీర వద్దు, నీళ్లు వదులుతయి. కడాయి బాగా కాగినంక, పెద్ద మంట మీద కొన్ని కొన్ని వేసి తిప్పండి. చుయ్యిమనే చప్పుడు ఆగితే తడి చేరిందని అర్థం. ఉప్పు ఆఖరుకే. నూడుల్స్ కలిపి, దించినంక నిమ్మకాయ పిండి, మళ్లీ పళ్లెంలనే ఆరబెట్టాలె. అడుగున చెయ్యి పెడితే వేడి తగలొద్దు. అప్పుడు మూత.

జపాన్‌ల ఒక లెక్కుంది. డబ్బాను ఆరు పాళ్లు అనుకుంటే మూడు అన్నం, రెండు కూరగాయలు, ఒకటి గుడ్డో చేపో. మైదా నూడుల్స్‌కు నేను దాన్ని తిరగేసిన: మూడు కూరగాయలు, రెండు నూడుల్స్, ఒకటి పల్లీలు. మన పాలమూరు పల్లీలకు కొదువ లేదు కదా! వేయించి చిన్న డబ్బీల వేరేగ పెట్టండి, కలిపితే మెత్తబడతయి. సందు లేకుండ నింపితే బస్సు కుదుపులకు చెదరదు. క్యారెట్ పువ్వులు ఆదివారం చేసుకుందాం, పొద్దున ఏడింటికి ఎవ్వరికీ ఓపిక ఉండదు.

ఇంకోటి, ఇది దాచను. వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. బ్యాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది, దాని బీజాలు ఉడికించినా చావవు. అన్నం, నూడుల్స్ గోరువెచ్చగ ఉంటే పెరుగుతది. అది విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు, ఒక్కోసారి వాసన కూడా రాదు. చల్లార్చి కట్టుడు, నిమ్మకాయ పిండుడు వల్ల ప్రమాదం తగ్గుతది, మొత్తం పోదు. అందుకే మా ఇంట్ల నూడుల్స్ బాక్స్ చలికాలంలనే, అది కూడా వారానికి ఒక్కసారి. మార్చి దాటితే బంద్. ఎండాకాలం చెల్లెకు జొన్నరొట్టె, పల్లీల పొడి. ముఖం మాడ్చుకుంటది. మాడ్చుకోనీ.

నిన్న మాత్రం డబ్బా ఖాళీగ వచ్చింది. పల్లీలన్నీ దోస్తులు తిన్నరంట. ఇయ్యాల రెండు గుప్పిళ్లు ఎక్కువ పెడుతున్న... ఆగండి, బస్సు హారన్ ఇనవడుతుంది. చెల్లే, బాక్సూ!